తంగేడు ఆగిన చోట

హజీరా మేడం క్లాసు ఎక్కడ జరుగుతోందో తెలుసుకోవడానికి ఆ కాలేజీలో ఎవరూ టైంటేబుల్ చూసేవారు కాదు. గోల ఎటునుంచి వినిపిస్తే అటు నడిచేవారు. మేడ్చల్ రోడ్డు పక్కన కింద ఎరువుల దుకాణం, పైన డిగ్రీ కాలేజీ. పై అంతస్తులో వృక్షశాస్త్రం క్లాసు మొదలైందంటే కింద యూరియా బస్తాలు మోసేవాళ్ళు కూడా ఓసారి తలెత్తి చూసేవారు.

మొదటినుంచీ ఆమె ఇలా ఉండేది కాదు. అందరిలాగే నోట్సు చెప్పేది, పిల్లలు తలొంచుకుని రాసుకునేవారు, పరీక్షలో దాన్నే తిరిగి కక్కేవారు, ఆ మర్నాడే మరిచిపోయేవారు. ఎవరికీ ఏ బాధా లేదు. అలా సాగిపోతుండగా 2010 ఎండాకాలంలో లెక్చరర్లకు నగరంలో శిక్షణ తరగతులు పెట్టారు. వెళ్ళొచ్చినవాళ్ళందరూ భోజనం బాగుందన్నారు. చెప్పింది బాగుందన్నది హజీరా ఒక్కతే. అక్కడొక పెద్దావిడ తలా ఒక కాగితం ఇచ్చి వేపాకు బొమ్మ గీయమందట. అందరూ నడిమి ఈనెకు రెండు పక్కలా సమానంగా గీశారు. అప్పుడు చేతికి నిజం వేపరెమ్మ ఇచ్చింది. చూస్తే, ఆకు అడుగున ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ! పుట్టినప్పటినుంచీ వేపపుల్లతో పళ్ళు తోముకుని, ఏళ్ళ తరబడి వేప గురించి పాఠం చెప్పిన హజీరాకు తలకొట్టేసినట్టయింది. ‘నేను పిల్లలకు చూడటం నేర్పలేదు, నా మాట నమ్మటం నేర్పాను’ అనుకుంది.

ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. జవాబు తాను చెప్పదు. ప్రశ్న మాత్రం అడుగుతుంది. పిల్లలు గుంపులుగా కూర్చుని వెతుక్కోవాలి, కొట్లాడుకోవాలి, తామే తేల్చుకోవాలి. మొదట్లో పిల్లలు మేడం పాఠం మరిచిపోయిందనుకున్నారు. కిరణజన్య సంయోగక్రియను నాటకంగా ఆడించిన రోజు, నీళ్ళ వేషం కట్టినవాడు నిజంగానే బకెట్టు తెచ్చి సూర్యుడి నెత్తిన గుమ్మరించాడు. ఆ నీళ్ళు మెట్లు దిగి ఎరువుల దుకాణం దాకా పోయాయి. ప్రిన్సిపాల్ ఆమెను పిలిపించి, “పాఠం చెప్పమ్మా, పంట పండించకు” అన్నారు. ఆమె నవ్వి ఊరుకుంది గానీ పద్ధతి మాత్రం మార్చలేదు. మంచిపనికి మొండితనం తోడైతే ఎవరు ఆపగలరు?

ఆ పద్ధతికి పండిన పంట రక్షిత. కుత్బుల్లాపూర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. తండ్రి లక్ష్మణ్ ఏదో మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. మొదటి ఏడాదంతా ఆ పిల్ల గొంతెలా ఉంటుందో క్లాసులో ఎవరికీ తెలియదు. రెండో ఏడాది ఒకరోజు నెమ్మదిగా లేచి, “మేడం, పుస్తకంల గడ్డిచామంతికి అయిదు రెక్కలున్నయి. మా ఇంటెన్క ఆరున్నయి గూడ దొరికినయి” అంది. హజీరాకు ఎంత సంబరమైందంటే, ఆ రోజు సుచిత్ర చౌరస్తాలో బస్సు దిగి, స్పేర్ పార్టుల దుకాణంలో ఉన్న భర్త ఏజాజ్‌కు ఇంటికి పోయేదాకా ఆగలేక అక్కడే చెప్పేసింది. పూవు రెక్కలకు ఇంత సంబరపడే ఆడమనిషిని తాను ఎక్కడా చూడలేదన్నాడాయన.

ఇక ఆమె అన్న సంగతి చెప్పాలి. మొయినుద్దీన్ లేకపోతే ఈ హజీరా మేడమే లేదు. శామీర్‌పేట అవతల వాళ్ళ ఊరు. తండ్రి పోయేనాటికి అన్న పదో తరగతి, చెల్లెలు ఇంకా పలక పట్టుకునే వయసు. అన్న పుస్తకాలు కట్టేసి నాగలి పట్టాడు. చెల్లెల్ని మాత్రం సైకిలు మీద కూర్చోబెట్టుకుని రోజూ బస్సు దాకా దింపి వచ్చేవాడు. ఆడపిల్లకు అంత చదువెందుకని బంధువులు అడిగితే, “మా ఇంట్ల ఒక్కరన్న సదువాలె గదా” అనేవాడు. ఆ ఒక్కరు ఎమ్మెస్సీ దాకా చదివింది.

చదివించిన భూమి ఊరి కింది శికం. కుంట కడుపులో నీళ్ళు తగ్గాక దున్నుకునే నేలను మా వైపు శికం అంటారు. వానాకాలం అది నీళ్ళది, ఎండాకాలం మనిషిది. విత్తుకోవచ్చు, కోసుకోవచ్చు, ఇల్లు మాత్రం కట్టకూడదు. చిన్నప్పుడు హజీరా ఆ నీళ్ళ అంచున కూర్చుని కాళ్ళు తడుపుకున్న మనిషే. అయితే కుంట నిండక ఏళ్ళయింది. వానలకు నాలుగు రోజులు తడుస్తుంది, ఆరిపోతుంది. బోర్లు ఎండాయి. ఈలోగా పెద్ద రోడ్డొచ్చింది, దాని వెంట ప్లాట్ల బేరమొచ్చింది. మాజీ సర్పంచు జనార్ధన్, మొయినుద్దీన్ కలిసి ఆ నేలను వెంచర్ చేద్దామనుకున్నారు. నిండని కుంటను కుంట అని ఎవరంటారు? ఊరంతా కలిసి మరిచిపోతే మరుపు కూడా నిజమైపోతుంది. హజీరాకు ఈ సంగతి చూచాయగా తెలుసు. తెలిసీ పట్టించుకోలేదు.

2011లో సకల జనుల సమ్మె ముగిసి కాలేజీలు తెరిచాక, సిలబస్ తరుముతున్నా వినకుండా ఆమె పిల్లల్ని పొలాలకు తీసుకుపోతానంది. నేల మారుతున్న కొద్దీ మొక్కలెలా మారుతాయో వాళ్ళే చూడాలి. అలాంటి చోటు ఎక్కడుందని ఆలోచిస్తే ఠక్కున తట్టింది అన్న పొలమే. అనుమతి అడిగే పని లేదు, వదినె చాయ్ పెడుతుంది, రోడ్డు నుంచి కిందికి దిగుతుంటే అడుగడుగుకీ మొక్కలు మారతాయి. బంగారంలాంటి చోటు! అక్కడ ప్లాట్లు వేస్తున్నారన్న ముక్క ఆ క్షణంలో ఆమె బుర్రలో మెదలనే లేదు. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకు అంతుపట్టనిది అదే.

వెళ్ళేసరికి సున్నం పూసిన హద్దురాళ్ళు పాతి ఉన్నాయి. ఎవరో నలుగురు కొనేవాళ్ళు కారులో వచ్చారు. జనార్ధన్ చేతులూపుతూ వాళ్ళకు రోడ్లు, పార్కులు గాలిలో చూపిస్తున్నాడు. మొయినుద్దీన్ వాళ్ళకు చాయ్ పోస్తున్నాడు. హజీరా అన్నకు సలాం చెప్పి, పిల్లలకు తాళ్ళు పంచే పనిలో పడింది. రోడ్డు నుంచి పల్లం దాకా తాడు పరిచి, దాని వెంట ఏ మొక్క ఎక్కడుందో రాసుకోవాలి, అంతే. మొక్కలు వెతికే కళ్ళకు రాళ్ళు కనపడలేదు.

కాసేపటికి రక్షిత కేక వేసింది. “మేడం! తంగేడు గీడిదాకనే ఉన్నది. గీడికెళ్ళి కిందికి ఒక్కటంటె ఒక్కటి లేదు!”

బతుకమ్మకు కోసుకుపోగా మిగిలిన తంగేడు పచ్చగా పూసి, ఒకచోట గీత గీసినట్టు ఆగిపోయింది. పక్క గుంపు తాడు దగ్గరా అంతే. ఆ పక్కదీ అంతే. గీతకు పైన ఎర్రమట్టి మెట్ట చెల్క, వెంపలి, తంగేడు. గీత కింద నల్లమట్టి, నెర్రెలు, తడిని వదలని నీరుగొబ్బి ముళ్ళు, ఇంకా కిందికి పోతే మట్టిలో నత్తగుల్లలు. పిల్లలు ఉరుకులాటలో ఉన్నారు. హజీరా మనసు పూవైంది. “ఎందుకై ఉంటుంది?” అంది, ఎప్పటిలాగే.

రక్షిత అటూ ఇటూ నడిచింది. వంగి ఒక నత్తగుల్ల తీసి చూసింది. తర్వాత లేచి, ఆ పిల్ల గొంతే కాదన్నంత గట్టిగా అంది. “నీళ్ళు గీడిదాక వచ్చేటియి మేడం. తంగేడుకు నిల్వనీళ్ళు పడయి. గిది పొలం గాదు, కుంట!”

కొనేవాళ్ళలో ఒకాయన చాయ్ గ్లాసు దించి ఇటు తిరిగాడు. “కుంటనా?”

“పిల్లలు గదన్నా, సదువుకుంటున్నరు” అని జనార్ధన్ గట్టిగా నవ్వాడు. మొయినుద్దీన్ నవ్వలేదు. చాయ్ కేతలి పట్టుకుని చెల్లెలి వైపు చూశాడు. అప్పుడు కనిపించాయి హజీరాకు హద్దురాళ్ళు. దాదాపు అన్నీ గీతకు కిందే ఉన్నాయి.

సాయంత్రం అన్న బస్సు దాకా వచ్చాడు. “నీ పోరగాండ్లు మస్తు హుషారున్నరు హజ్జూ” అన్నాడు. బస్సు వచ్చే వైపు చూస్తూ, “కుంటని రాస్తరా?” అన్నాడు.

“వాళ్ళు చూసింది వాళ్ళు రాస్తరు భాయ్. నేనేం జెయ్య?”

“నువ్వు టీచర్‌వి గదా” అన్నాడాయన. కోపంగా అనలేదు, బతిమాలనూ లేదు. బస్సెక్కించి వెళ్ళిపోయాడు.

ఆ మాట హజీరా వెంట బస్సెక్కింది, ఇంటికొచ్చింది, మర్నాడు క్లాసుకూ వచ్చింది. గుంపులన్నీ తాము చూసింది పోస్టర్లుగా గీసి వరండా గోడకు పెట్టాలి. కాలేజీని చూడటానికి పైనుంచి కమిటీ రాబోతోంది కాబట్టి ఈసారి ప్రిన్సిపాల్ కూడా హుషారుగా రంగు పెన్సిళ్ళు కొనిచ్చారు. రక్షిత గుంపు పోస్టర్‌కి శీర్షిక పెట్టి తెచ్చింది: ‘ఇక్కడ ఒకప్పుడు కుంట’.

హజీరా దాన్ని చూసింది. ఏమీ అనకూడదని గట్టిగా అనుకుని వచ్చింది. జవాబు తాను చెప్పనని ఒట్టుంది కదా. ఒట్టు తప్పలేదు కూడా. ఆమె ప్రశ్న మాత్రమే అడిగింది.

“బాగుంది. కానీ ఆ నల్లమట్టి అక్కడికి రావడానికి వేరే దారి ఏదైనా ఉందా? ఎండాకాలంలో రైతులు పొలాల్లోకి ఏం తోలుకుంటారు?”

వెనక బెంచీలోంచి ఒకడు, “చెరువు మట్టి!” అని అరిచాడు.

ఇక చెప్పాలా! చెరువు మట్టి బండ్ల కొద్దీ పొలాల్లోకి తోలడం ఎరగని పిల్లలు ఆ క్లాసులో లేరు. మట్టి వచ్చిందంటే నత్తగుల్లలు దానితోనే వచ్చాయి. నీరుగొబ్బి గింజలు దానితోనే వచ్చాయి. ఎర్ర చెల్కలో పెరిగే తంగేడుకు ఆ నల్లమట్టి పడలేదు. వరి మడికి బోరు నీళ్ళు పెట్టారు కాబట్టి తడి. దేనికదే చక్కగా అతికింది. పిల్లలు ఒకరి మీదొకరు పడి చెప్పుకుపోతుంటే హజీరా బల్లకు ఆనుకుని నిలబడింది. రక్షిత కాసేపు వాదించింది. “గీత సాఫుగున్నది గదా?” అంది. “దున్నుడు ఆడిదాకనే అయితది, గందుకే సాఫుగున్నది” అన్నారు పక్కవాళ్ళు. ఆ పిల్ల హజీరా ముఖంలోకి చూసింది. హజీరా, “ఆలోచించండి” అంది.

రక్షిత ఆలోచించింది. ఆలోచించడం నేర్చుకున్న పిల్ల కదా. రబ్బరుతో శీర్షిక చెరిపి, ‘చెరువు మట్టి తోలిన వరి మడి’ అని రాసింది. కమిటీ వాళ్ళు గోడ మీద అన్నింటికన్నా ఆ పోస్టర్‌నే మెచ్చుకున్నారు. మొదట ఒకటి అనుకుని, సాక్ష్యాలు తూచి, అభిప్రాయం మార్చుకోవడమే సైన్సంటే అన్నారు. ప్రిన్సిపాల్ హజీరాకు శాలువా కప్పారు. శాలువా భుజాల మీద పడుతుంటే ఆమెకు ఒళ్ళంతా తేళ్ళు పాకినట్టనిపించింది.

‘నేను అబద్ధం ఒక్క ముక్క చెప్పలేదు’ అని తనకు తాను నచ్చజెప్పుకుంది. నిజమే, చెప్పలేదు. చెప్పించింది. అన్నం పెట్టిన చేతికి అడ్డుపడలేదన్న తృప్తి రవ్వంత, పిల్లల కళ్ళు కప్పానన్న సిగ్గు కొండంత. ఎవరైనా వరండాలో ఆ పోస్టర్ ముందు ఆగితే చాలు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె స్టాఫ్ రూంలోకి తప్పుకునేది. ప్రశ్న అనేదాన్ని ఆమె ప్రాణంలా చూసుకుంది. ఆ ప్రశ్నతోనే పిల్లల్ని పక్కదారి పట్టించింది. ఈ ముక్క ఎవరితో చెప్పుకోగలదు?

అంతటితో పోయినా ఏదోలా మరిచిపోయేదేమో. ఎండలు ముదురుతుండగా ఒకరోజు రక్షిత డబ్బా నిండా లడ్డూలు తెచ్చింది.

“మేడం, మా నాయిన ప్లాటు తీస్కుంటున్నడు! యాడనో తెల్సా? మనం స్టడీ జేసిన జాగనే!”

హజీరా చేతిలో లడ్డూ అలాగే ఉండిపోయింది.

“మా నాయిన భయపడ్డడు మేడం. పల్లమున్నది, నీళ్ళాగుతయేమో బిడ్డా అన్నడు. నేనే ధైర్నం జెప్పిన. మేము మొక్కల లెక్కన చూసినం నాయినా, అది పొలమే, కుంట గాదు, మా మేడం గూడ ఉండె అని జెప్పిన. బయానా ఇచ్చిండు. పరీక్షలయినంక రిజిస్ట్రేషన్.” నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. “కిరాయి ఇండ్లల్ల మా అమ్మ ఒక్క మొక్క పెట్టనిస్తలేరని ఎప్పుడు ఏడుస్తది మేడం. ఇగ మాకు సొంత జాగ.”

నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది హజీరాకు. “మంచిది” అంది. ఆ మంచిది అన్న మాటకు ఆమె తర్వాత ఎంత కుమిలిందో చెప్పలేను. అప్పుడే ఆ క్షణమే నిజం చెప్పి ఉండొచ్చు.

ఆ ఆదివారం అన్న దగ్గరికి పోయింది. వదినె షిరీన్ పొయ్యి దగ్గరుంటే, అన్నాచెల్లెళ్ళు వాకిట్లో మంచం మీద కూర్చున్నారు. ఆ ఇంట్లో దక్కనీ, తెలుగు కలిసి నడుస్తాయి. మనసులోది చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం మొయినుద్దీన్ తెలుగులోనే చెబుతాడు.

“భాయ్, లక్ష్మణ్ అని ఒకాయన బయానా ఇచ్చిండు గదా. ఆయన బిడ్డ నా దగ్గర సదువుతది.”

“ఎరుకే. నీ పేరు జెప్పే వచ్చిండు.”

“వాళ్ళకు వద్దని జెప్పు భాయ్. ఒక్కళ్ళకు.”

మొయినుద్దీన్ తల అడ్డంగా ఊపాడు. “ఒక్కళ్ళకు వద్దంటె మిగిలినోళ్ళు ఎందుకని అడగరా? జనార్ధన్ ఊకుంటడా? బోర్లన్ని ఎండినయ్. నాకు గా నేల దప్ప ఏమున్నది?” అన్నాడు. ఆ తర్వాత, చెల్లెలి వైపు చూడకుండా, “నిన్ను సదివిచ్చింది గా భూమే గదనే హజ్జూ” అన్నాడు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అన్న చేసింది తప్పని ఆమెకు తెలుసు. కానీ ఆ తప్పులో తన ఎమ్మెస్సీ ఉంది, తన ఉద్యోగం ఉంది, సైకిలు తొక్కిన అన్న కాళ్ళున్నాయి. తిరిగొచ్చి ఏజాజ్‌కు చెబితే ఆయన అంతా విని, “చెప్తే అన్న పోతడు, చెప్పకపోతే నువ్వు పోతవ్. ఏది నయమో సూస్కో” అన్నాడు. మొగుళ్ళు అప్పుడప్పుడూ ఇలా సరిగ్గా మాట్లాడి మరింత ఇరుకున పెడతారు.

పరీక్షలయ్యాయి. రిజిస్ట్రేషన్ దగ్గరపడింది. హజీరా బురఖా వేసుకుని, ఎవరికీ చెప్పకుండా, కుత్బుల్లాపూర్ కాలనీలో రక్షిత వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ పోయింది.

ఒకటే గది. లక్ష్మణ్ షిఫ్టు దిగి వచ్చి అన్నం తింటున్నవాడు చేయి కడుక్కుని లేచాడు. కుర్చీ తుడిచాడు. “కూసోన్రి మేడం, మా ఇంటికి మీరచ్చుడంటె...” అంటూ భార్యను చాయ్ పెట్టమన్నాడు. తాను మాత్రం కింద చాప మీద కూర్చున్నాడు. రక్షిత గ్రాఫు కాగితం మీద గీసిన ఇంటి బొమ్మ తెచ్చి చూపించింది. ఏ మూల ఏ మొక్కో అన్నీ గీసి ఉన్నాయి. “మీ మాట మీదనే తీస్కుంటున్న మేడం” అన్నాడు లక్ష్మణ్. “నాకు సదువు రాదు. నా బిడ్డకు మీరు సూసుడు నేర్పిన్రు.”

అప్పుడు కూడా, పాపం, హజీరా నేరుగా చెప్పలేకపోయింది. అలవాటైన దారినే పోయింది. ప్రశ్న అడిగింది.

“రక్షితా, ఆ రోజు తంగేడు ఎక్కడ ఆగిందో గుర్తుందా?”

“ఉన్నది మేడం.”

“అన్ని తాళ్ళ దగ్గరా ఒకే ఎత్తున ఆగింది. తోలిన మట్టి ఒకే ఎత్తున ఆగుతుందా?”

“దున్నితె ఆగుతది మేడం. దున్నుడు వంపు సూసే దున్నుతరు గదా.”

“మరి నత్తగుల్లలు? గీత దగ్గర తక్కువ, పల్లానికి పోయిన కొద్దీ ఎక్కువ ఉన్నాయి కదా?”

“వాన కొట్టుకపోతది మేడం. తేలికగుంటయి, పల్లానికే పోతయి.” ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది. మేడం సెలవుల్లో ఇంటికొచ్చి మరీ పరీక్ష పెడుతోందనుకుంది. “మేము అన్ని ఆలోచన జేసే రాసినం మేడం. మీరే అన్నరు గదా, వేరే దారేమన్న ఉందా సూడున్రి అని.”

ప్రతి ప్రశ్నకూ జవాబుంది. ఎంత చక్కటి జవాబులు! తాను నేర్పిన నేర్పంతా పెట్టి ఆ పిల్ల అబద్ధాన్ని కాపాడుతోంది. లక్ష్మణ్ కూతుర్నే చూస్తూ మురిసిపోతున్నాడు. హజీరా ఇక తట్టుకోలేకపోయింది.

“అది కుంట” అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

“అది కుంటే రక్షితా. శికం భూమి. నా చిన్నప్పుడు నిండా నీళ్ళుండేవి, నేను చూశాను. నువ్వు మొదట చెప్పిందే నిజం. లక్ష్మణ్ గారూ, ఆ ప్లాటు తీసుకోవద్దు. పెద్ద వాన పడితే మునుగుతుంది.”

చాయ్ తెస్తున్న తల్లి గడపలోనే ఆగింది. లక్ష్మణ్ నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. “మరి గా దినం ఎందుకు జెప్పలె మేడం?”

“ఆ భూమి మా అన్నది.”

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండునని హజీరాకు ఎంతగానో అనిపించింది. గోడకు ఆనుకుని, ముఖం తుడుచుకుని, “ఇప్పటికన్న జెప్పిన్రు” అన్నాడు. రక్షిత ఇంటి బొమ్మను మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. చాయ్ తాగకుండా లేవడం మర్యాద కాదని హజీరా ఆ చాయ్ తాగింది. అంత చేదు చాయ్ ఆమె జన్మలో తాగలేదు, చక్కెర మాత్రం నిండుగా వేశారు.

లక్ష్మణ్ ఇచ్చిన బయానా డబ్బు మొయినుద్దీన్ తానే తెచ్చి ఇచ్చి పోయాడని తర్వాత తెలిసింది. ఎవరు చెప్పారని అడగలేదట. జనార్ధన్‌తో ఏదో పెద్ద గొడవే అయిందన్నారు. రంజాన్‌కు హజీరా పుట్టింటికి పోతే అన్న ఎప్పటిలాగే దగ్గర కూర్చోబెట్టుకుని షీర్ ఖుర్మా తినిపించాడు. దూలపల్లిలో బంధువుల పెళ్ళి గురించి మాట్లాడాడు, గేదె ఈనిన సంగతి మాట్లాడాడు. భూమి ఊసెత్తలేదు. బస్సు దాకా మాత్రం రాలేదు. మిగిలిన ప్లాట్లు ఒక్కొక్కటే అమ్ముడుపోతూనే ఉన్నాయి. కొన్నవాళ్ళెవరికీ హజీరా క్లాసులో బిడ్డలు లేరు. ఆ ఇళ్ళకు కూడా పోయి చెప్పాలా? చెప్పాలనే ఆమె మనసు చెబుతుంది. పోలేదు. సగం చెప్పిన నిజం రోజూ గుచ్చుతూనే ఉంటుంది.

రంజాన్ ఇంకా రాకముందే, సెలవులు ముగిసి కాలేజీ తెరిచారు. రక్షిత మూడో ఏడాదికి వచ్చింది. కోపం, అలక, ముఖం తిప్పుకోవడం ఏమీ లేవు. ముందు బెంచీలోనే కూర్చుంది. హజీరాకు ప్రాణం కొంచెం కుదుటపడింది. మొదటి పాఠానికి కలబంద మట్ట ఒకటి తెచ్చి, అడ్డంగా కోసి, అందరికీ చూపించింది.

“ఈ ఆకు ఇంత మందంగా ఎందుకుంది? చెప్పండి, ఏమై ఉంటుంది?”

క్లాసు గుంపులుగా కదలబోయింది. అప్పుడు రక్షిత లేచి నిలబడింది.

“మేడం, ఒకటి అడుగుత. ఇది మేము కనుక్కోవాల్నని అడుగుతున్రా? మీకు కావాల్సింది మాతోని చెప్పిచ్చుకోవాల్నని అడుగుతున్రా?”

కోసిన మట్ట లోంచి జిగురు హజీరా వేళ్ళ మీదికి కారుతోంది. ఆ పిల్ల గొంతులో వెటకారం లేదు, ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.